మూడో టేకులో ఎవరు లేచారు

చౌడమ్మను ఏడిపించడానికి కారు పంపేవాళ్ళు.

పామిడి దగ్గర పెన్నలో నీళ్ళు దిగిన ఏళ్ళ కన్నా సినిమావాళ్ళు దిగిన ఏళ్ళే ఎక్కువ. తెల్లటి ఇసుక, నల్లటి బండలు, దూరంగా ఒంటి తుమ్మచెట్టు. కత్తులు పట్టుకుని పరిగెత్తడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని వాళ్ళ నమ్మకం. అనంతపురం జిల్లాలో జనం పొద్దున లేస్తే ఒకరినొకరు నరుక్కుంటారన్నది వాళ్ళ ఇంకో నమ్మకం. ఇక్కడ మనుషులను ఎక్కువగా చంపింది కొడవళ్ళు కావు, నీళ్ళు లేకపోవడం. అయితే నీళ్ళు లేకపోవడాన్ని స్లో మోషన్లో తీయడం కష్టం.

నరికాక ఏడ్చేవాళ్ళు కావాలి కదా. హైదరాబాదు నుంచి తెచ్చిన ఆడవాళ్ళు ఏడిస్తే ముఖానికి వేసిన రంగు ఏడ్చినట్టుండేది. అందుకని పామిడిలో సినిమావాళ్ళకు ఎడ్లబండ్లు, మేకలు, మనుషులు సరఫరా చేసే తిప్పేష్ ఒక పొద్దున చౌడమ్మ ఇంటి ముందు కారు ఆపాడు.

"అక్కా, ఒక పూట ఏడ్చి రావల్ల. బిరీన రా."

"ఎవురు సచ్చిరప్పా?"

"ఎవురూ సావలే. సచ్చినట్ల పండుకోనుండాడు."

"సావనోనికి ఏడ్చేది ఏంటికి? వాని పెండ్లాం ఇంటే ఊరుకుంటాదా?"

"వాని పెండ్లాం ఏసీ కార్లో కూకోనుండాది. నువ్వు ఏడ్చు, వాడు లేసి బిర్యానీ తింటాడు. నీకూ పెడతారు రా."

అలా మొదలైంది. చౌడమ్మ వృత్తి కూలి పని. ఏడుపు ఆమెకు వచ్చిన విద్య. వాడలో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు పోయేది. బొట్టు పెట్టుకోని ఇల్లు ఆమెది, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. విశ్వాసులు అట్లా గుండెలు బాదుకోకూడదని, పోయినవాడు ప్రభువు దగ్గరికే పోయాడని పాస్టరు చెప్పి చూశాడు. "పోయినోడు ప్రభువు కాడికి పాయె అయ్యగారూ, ఉండేటోళ్ళు యాడికి పోవల్ల?" అని ఆమె అడిగాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆమె ఏడుపులో మాటలుండేవి. పోయిన మనిషి తాగుబోతైతే తాగుబోతని చెప్పేది, పిసినారైతే ఆ సంగతీ చెప్పేది. మంచి మాత్రమే చెప్తే అది ఏడుపు కాదు, ఓట్ల మీటింగు అనేది. వినేవాళ్ళకు నవ్వు వచ్చేది, ఆ నవ్వు వెనకాలే ఏడుపు తన్నుకొచ్చేది.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఆడమనిషిని ఒంటిగా ఏడవనివ్వరు. చావు కబురు వినగానే ఎవరు దగ్గరుంటే వాళ్ళు లేచి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ అదే చేస్తారు. పగ ఉన్నవాళ్ళు కూడా ఆ ఒక్క పూట మెడ పట్టుకుని పోతారు. ఎవరూ పట్టుకోని మెడ అంటే ఊరు వదిలేసిన మనిషని అర్థం.

చావు ముందు అందరూ సమానమేనని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. చావు సమానమే కావచ్చు, మెడలు కావు. ఊరి ఆడవాళ్ళు ఊరివాళ్ళ మెడ పట్టుకుంటారు, వాడవాళ్ళు వాడవాళ్ళది. వాడలో చావైతే ఊరి ఆడవాళ్ళు దూరంగా నిలబడి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "పాపం" అని వెళ్ళిపోతారు.

ఆ గీత ఒక్కసారి దాటిన మనిషి తిరుపాలమ్మ. గొర్రెలు మేపే వీరప్ప భార్య, ఊరి నడివీధి మనిషి. చౌడమ్మా ఆమే ఇరవై ఏళ్ళు ఒకే చేలో శనక్కాయలు పీకారు, ఒకే గట్టు మీద కూర్చుని ఆకు వక్క నమిలారు. చౌడమ్మ తల్లి చచ్చిపోయినప్పుడు తిరుపాలమ్మ దూరంగా నిలబడలేదు. నేరుగా వచ్చి మెడ పట్టుకుంది. ఇంటికి పోతే అత్త గుమ్మంలోనే ఆపి, నెత్తిన బిందెడు నీళ్ళు గుమ్మరించి లోపలికి రానిచ్చింది. "తాగేదానికి లేకపాయె గానీ, నన్ను కడిగేదానికి బిందెడు దొరికె" అని మరునాడు చేలో చెప్పి నవ్వింది తిరుపాలమ్మ.

అందుకే, షూటింగులకు పోవడం మొదలైన కొన్నేళ్ళకు, ఆ రోజు పెన్న ఇసుకలో చౌడమ్మ మెడ ఎదురు చూసింది ఆమె చేతుల కోసమే.

ఆ రోజు వాడంతా ఊరి రైతు బసప్ప బావి దగ్గరుంది. ఎండిపోయిన బావి. ఇంకాస్త లోతు పోతే ఊట తగులుతుందని బసప్ప ఆశ. మగవాళ్ళు లోపల తవ్వుతుంటే ఆడవాళ్ళు మట్టి మోస్తున్నారు. చౌడమ్మ మొగుడు యేసన్న లోపలున్నాడు. ఆమె కూడా అక్కడే ఉండాల్సింది, తిప్పేష్ కారు రావడంతో ఇటు వచ్చింది. ఇసుకలో కూర్చోబెట్టిన ఆడవాళ్ళంతా ఊరివాళ్ళు, ట్రాక్టరులో వచ్చినవాళ్ళు. ముందు వరసలో తిరుపాలమ్మ.

మధ్యలో తెల్లబట్టల మీద ఎర్రరంగు పోసుకుని ఒక లావాటి నటుడు పడుకున్నాడు. చౌడమ్మ అతని భార్య.

"ఈవిడ ఒక్కతే ఏడుస్తుంది. మిగతావాళ్ళు బొమ్మల్లా కూర్చోవాలి" అన్నాడు డైరెక్టరు.

"అదేంది సామీ, ఒంటిగా ఏడ్చేది? మేం లేసి పట్టుకోవల్ల గదా?" అంది తిరుపాలమ్మ.

"వద్దమ్మా. ఫ్రేములో ఆమె ఒక్కతే ఉండాలి. ఏం జరిగినా ఎవరూ కదలొద్దు."

"సచ్చినోడు కదిలితే?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పడుకున్న నటుడి పొట్ట నవ్వుకు ఊగింది.

మొదటి టేకులో చౌడమ్మ తిరుపాలమ్మను నవ్వించాలనుకుంది. వీరప్ప దగ్గర ఒక కుంటి పొట్టేలుండేది. దాన్ని అమ్మి పెళ్ళానికి కమ్మలు చేయిస్తానని ఆయన పెళ్ళైన కొత్తలో అన్న మాట ఊరందరికీ తెలుసు. ఆ పొట్టేలు చచ్చింది, దాని తర్వాత ఇంకో కుంటి పొట్టేలు వచ్చింది, కమ్మలు మాత్రం రాలేదు. చౌడమ్మ జుట్టు విరబోసుకుని, ఆ లావాటి నటుడి రొమ్ము మీద పడి గొంతెత్తింది.

"కుంటి పొట్టేలమ్మి కమ్మలు తెస్తానంటివే సామీ, కుంటిది నిలబడె గదా, నువ్వు ఒరిగిపోతివే!"

తిరుపాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఎంత బాగా కుమిలిపోతోందోనని కెమెరా అతను ఆమె మీదికి కూడా ఒకసారి తిప్పాడు.

రెండో టేకు మధ్యలో జనరేటరు ఆగిపోయింది. దాన్ని బాగుచేసి మూడోదానికి సిద్ధమయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. చౌడమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. కెమెరా మొదలైంది. అప్పుడు ఒడ్డు మీది నుంచి యేసన్న తమ్ముడు ఆంజి ఒంటినిండా బురదతో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా! బావి గట్టు ఇరిగిపాయె! అన్న పాయె వదినా!"

షూటింగు చూడవచ్చిన పిచ్చోడెవడో అనుకుని ఇద్దరు మనుషులు ఆంజిని పట్టుకుని నోరు మూసి అవతలికి లాక్కుపోయారు. జనరేటరు మోతలో ఆ మాట ఇటుపక్కనున్న చౌడమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదని తర్వాత అందరూ చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు.

చౌడమ్మకు మాట రాలేదు. గొంతులోంచి వచ్చినదాన్ని ఏడుపు అనడానికి కూడా లేదు. కత్తి కింది మేక చేసే చప్పుడు. ముందుకు పడి నుదురు ఇసుకలో పెట్టింది, జుట్టు ముఖం మీద పడింది. కళ్ళకేమీ కనబడడం లేదు. మెడ వెనక ఎండ కాలుతోంది. ఆ ఎండలో ఆమె మెడ చేతుల కోసం చూసింది. ఒక్క చెయ్యీ పడలేదు.

"ఓకే! అద్భుతం!" అని అరుపు వినిపించింది. తర్వాత చప్పట్లు.

ఏడవడానికి తెచ్చిన ఆ కారులోనే ఆమెను బావి దగ్గరికి పంపారు.

ఆ సాయంత్రం తిరుపాలమ్మ వాడకు వచ్చి మెడ మీద చేతులు వేసింది. చౌడమ్మ ఆ చేతులు తీసి పక్కన పెట్టింది.

"ఇబ్బుడేంటికి మే?"

"నేను లేస్తి మే చౌడీ. నువ్వు పడంగానే లేస్తి. ఆ షూటింగోళ్ళ టోపీవాడు నా భుజం పట్టి కూకోబెట్టె. ఒట్టు."

"నాకు తెల్దు."

"నువ్వు సూడలే. మొగం ఇసకలో పెట్టుకోనుంటివి."

"సూడలే. మెడకు తెలుసు."

అంతే, ఆ తర్వాత పన్నెండేళ్ళు వాళ్ళ మధ్య మాట లేదు. మిగతా ఆడవాళ్ళను అడిగితే తలా ఒకటి చెప్పారు. ఒకామె లేచిందంది, ఒకామె ఎవరూ లేవలేదంది, ఇంకొకామె ఎవరివైపు మాట్లాడితే ఏ గొడవో అని గుర్తులేదంది. ఆంజిని అడిగితే, తన ముఖాన్ని అటు తిప్పి పట్టుకున్నారన్నాడు. చౌడమ్మను తొలిచింది ఒకటే. తిరుపాలమ్మ కదలకుండా కూర్చుంటే అది డైరెక్టరు మాటకా, పక్కన కూర్చున్న తన కులపోళ్ళ చూపుకా? తల్లి చావునాడు నెత్తిన పడ్డ బిందెడు నీళ్ళు ఇన్నేళ్ళకు పని చేశాయా?

చూసింది ఒక్క కెమెరా. అది ఏ సినిమానో ఊళ్ళో ఎవరికీ తెలియదు. షూటింగప్పుడు దానికి పేరు లేదు, ఏదో నంబరుతో పిలిచేవాళ్ళు. తిప్పేష్‌ను అడిగితే, "ఆ ఏడు ఆరు కంపెనీలు దిగినాయక్కా, ఏది బయటికొచ్చిందో, ఏది డబ్బాలో పోయిందో నాకేం తెల్సు" అన్నాడు. టీవీలో చూశామని చెప్పినవాళ్ళు తలా ఒక సినిమా పేరు చెప్పారు. ఇసుకలో జుట్టు విరబోసుకుని ఏడ్చే ఆడది లేని సీమ సినిమా ఉంటే కదా. చౌడమ్మ మళ్ళీ షూటింగుకు పోలేదు, సినిమా చూడలేదు, చావుల్లో ఏడవలేదు. పోయి కూర్చునేది, లేచి వచ్చేది. బోరు ఎండినట్టు ఆమె కళ్ళెండిపోయాయని జనం చెప్పుకున్నారు. ఇక్కడ ప్రతిదాన్నీ బోరుతో పోల్చడం సులువు. ఉల్లిగడ్డ కోస్తే ఆమెకూ నీళ్ళు కారేవి. ఏడవదలుచుకోలేదు, అంతే.

ఆమె రెక్కలు ముక్కలు చేసుకుని కూతుర్ని చదివించిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. కృపాకుమారిని హాస్టలు చదివించింది, స్కాలర్‌షిప్పు చదివించింది, ముఖ్యంగా ఇంటికి రావాలన్న ఆశ లేకపోవడం చదివించింది. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో స్నేహితురాళ్ళతో గది తీసుకుని కంప్యూటరు పీజీ చేస్తోంది. ఎప్పుడైనా ఆదివారం వస్తుంది.

అలాంటి ఒక ఆదివారం తిరుపాలమ్మ కూతురు జయంతి వచ్చింది. వీధిలో ఎదురైతే "చౌడమ్మా" అని పేరు పెట్టి పిలిచే జయంతి, వాడలోకి వస్తే "చిన్నమ్మా" అంటుంది.

"చిన్నమ్మా, మాయమ్మ నిన్ను సూడల్లంటాంది."

"ఎట్లుండాది?"

"రెండు కిడ్నీలూ పాయె. ఇంగ తీసుకపోండని చెప్పినారు. తెచ్చి పంచలో పండుకోబెట్టినాం."

చౌడమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. "మీయమ్మ లేసినట్ల నాకు ఎవురన్నా సూపియ్యల్ల. అబ్బుడొస్తా."

"సచ్చేదాని కాడ సాచ్చికాలు అడుగుతావా చిన్నమ్మా?"

"సచ్చినోని కాడ కూడా అడిగినోళ్ళు లేరు పాపా. నా మొగుని కాడ ఎవురడిగినారు, బాయిలో ఎంత లోతున ఉండావని?"

జయంతి కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. మంచం మీద లాప్‌టాపు పెట్టుకుని ఉన్న కృపాకుమారి తలెత్తి తల్లి వంక చూసింది. చూసి మళ్ళీ తెరలోకి వంగింది. ఆమెకు బుధవారం కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి.

"ఏందే అది, పొద్దన్నుంచి కొడతాండావు?" అంది చౌడమ్మ, వేరే మాట కోసం.

"యాక్టరు పేరు కొడితే వాళ్ళు బాగా పేరు తెచ్చుకున్న సినిమా ఏదో చెప్తాది మా."

"నీ కంప్యూటరుకి అన్ని సినిమాలు తెల్సునా?"

"దానికేం తెల్దు. యాడనో ఒక పెద్ద చోటుండాది, లోకంలో ఉండే సినిమాలన్నీ, యాక్టర్లంతా ఆడ రాసిపెట్టినారు. లోపలికి ఎవుర్నీ రానియ్యరు. కిటికీ ఉంటాది, దాన్ని ఏపీఐ అంటారు. రేషనంగడి కిటికీ అనుకో. నా కాడ ఒక కీ ఉండాది, కార్డు మాదిరి. అది సూపించి, ఫలానా పేరు అని అడిగితే ముందు ఆ మనిషి నంబరు ఇస్తారు. మళ్ళా ఆ నంబరుతో అడిగితే ఆ మనిషి సినిమాలు ఇస్తారు. అండ్లో ఏది పైన ఉంటే అది నేను సూపిస్తా."

"పైన అంటే బాగుండేదా?"

"బాగుండేది కాదు. ఎక్కువమంది సూసింది."

చౌడమ్మ చాట కింద పెట్టింది.

"అండ్ల సిన్నోళ్ళ పేర్లు కూడా ఉంటాయా? ఏడ్చేటోళ్ళవి?"

కృపాకుమారి వేళ్ళు ఆగాయి. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నాయన పోయినప్పుడు ఆమె నాలుగో తరగతి.

"ఉండొచ్చు. చివర్లో పేర్లు ఏసింటే ఎవురో ఒకరు ఎక్కిస్తారు."

"నా పేరు కొట్టు."

మొదట ఒక కన్నడ టీవీ నటి వచ్చింది, మెడనిండా నగలు, నిగనిగలాడే బుగ్గలు. "ఇంత ఎర్రగా నేను యాడుంటినే?" అంది చౌడమ్మ. కృపాకుమారి నవ్వలేదు. తన ప్రోగ్రాము మొదటి మనిషినే తీసుకుంటోందని, అదే పేరున్న మిగతావాళ్ళను వదిలేస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది. బుధవారం మేడం పట్టుకునేది. అది సరిచేసి మళ్ళీ అడిగింది. రెండో చౌడమ్మకు ఫోటో లేదు. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు తల ఒకటి ఉంది. ఊరు లేదు, పుట్టిన రోజు లేదు. కింద నాలుగు సినిమాలు. అన్నిటికన్నా పైన 'పగటి కొరివి'. పాత్ర: ఏడ్చే స్త్రీ. విడుదలైంది యేసన్న పోయిన మరుసటి ఏడాది.

"నాయన పోయిన తర్వాత నువ్వు మళ్ళా పోలేదు గదా మా? మిగతా మూడూ అంతకుముందు ఏళ్ళలోనే వచ్చేసినాయి. ఇదే అయ్యుండల్ల."

"పెట్టు."

ఆ సినిమా ఫోన్లో దొరికింది. కృపాకుమారి వేలితో జరుపుతూ పోయింది. కత్తులు, జీపులు, పాట, జీపులు. తర్వాత ఇసుక. అది కనబడగానే ఆమె ముఖం మారింది. జుట్టు కప్పిన ముఖంతో తెల్లబట్టల మనిషి మీద పడి ఏడుస్తున్న ఆ ఆడమనిషిని ఆమె వందసార్లు చూసి ఉంటుంది. హాస్టల్లో కరెంటు పోతే వాట్సాప్ గ్రూపులో ఆ బొమ్మను స్టిక్కరుగా పంపేవాళ్ళు. క్రికెట్టు ఓడిపోతే, చికెన్ అయిపోతే ఆ బొమ్మే పంపేవాళ్ళు. ఆమె కూడా పంపింది. ఈ మాట తల్లికి చెప్పలేదు.

చౌడమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తెరలోంచి గొంతు లేచింది.

"కుంటి పొట్టేలమ్మి కమ్మలు తెస్తానంటివే సామీ…"

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది కాదు" అంది.

"నువ్వే మా. నీ గొంతే."

"గొంతు నాదే. ఇది పొద్దున్నది, మొదట్ది. దీంట్లో మాటలుండాయి. ఆ పొద్దు నాకు మాట రాలే."

సినిమాలో ఆ ఏడుపు పూర్తిగా ఉంది. దాని వెనక వీణ వాయించారు. మధ్యలో ఒకసారి కూర్చున్న ఆడవాళ్ళను చూపించారు. ముందు వరసలో తిరుపాలమ్మ, పన్నెండేళ్ళు చిన్నది, దిట్టంగా ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. ఎవరు చూసినా గుండె పగిలి ఏడుస్తోందనే అనుకుంటారు. ఆ తర్వాత మళ్ళీ జీపులు. కృపాకుమారి చివరిదాకా జరిపి చూసింది. మూడో టేకు ఎక్కడా లేదు.

"ఎందుకు మా? ఓకే అన్నాడంటివే, చప్పట్లు కొట్టిరంటివే. నిజమైన ఏడుపు పెట్టుకుని కూడా దీన్ని ఏంటికి ఏసినారు?" ఆమె గొంతులో కోపం ఉంది.

చౌడమ్మ ఆలోచించింది. ఇన్నేళ్ళుగా ఆ అరుపును జనం టిక్కెట్టు కొని వింటున్నారని ఆమె రగిలిపోయింది. విననే లేదని ఇప్పుడు తెలిసింది. పని తెలిసిన మనిషిగా ఆమెకు ఆ డైరెక్టరు తప్పు కనబడలేదు.

"మాటల్లేని ఏడుపు ఎవురికి అర్తమయితాది పాపా? గొడ్డు అరిసినట్ల ఉండింటాది. తీసేసింటారు."

"మరి దాన్నేం చేస్తారు?"

"నన్నడిగితే?"

కృపాకుమారి తన స్నేహితులనూ, ఎవరెవరినో ఫోన్లో అడిగింది. వాడని ముక్కలను ఎవరూ దాచరని, పన్నెండేళ్ళ కిందటివైతే అసలే ఉండవని చెప్పారు. ఆ సినిమా కంపెనీయే ఇప్పుడు లేదు. కిటికీకి అవతల ఎంత పెద్ద చోటైనా ఉండనీ, అక్కడ ఉండేది వాడినదే. వాడనిది ఎక్కడా ఉండదు.

మర్నాడు పొద్దున చౌడమ్మ కూతురి ఫోను కొంగున కట్టుకుని నడివీధికి పోయింది. ఆ ఇంట్లో ఆమెకు పంచ దాకానే తెలుసు. తిరుపాలమ్మ మంచం పంచలోనే ఉండడంతో అంతకు మించి పోవాల్సిన పని పడలేదు. మంచం మీద మనిషి వాచిపోయి ఉంది. కళ్ళు మాత్రం పాతవే. అరుగు మీద వీరప్ప కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు.

"వచ్చినావా మే?"

"వచ్చినా."

"సాచ్చికం దొరికిందా?"

చౌడమ్మ ఫోను తీసి, కూతురు నేర్పినట్టు నొక్కి, తిరుపాలమ్మ చెవి దగ్గర పెట్టింది. కుంటి పొట్టేలు మాట రాగానే అరుగు మీద వీరప్ప తల తిప్పాడు.

"ఏయ్, అది నా పొట్టేలు గదా?"

తిరుపాలమ్మకు నవ్వు వచ్చింది. లోపల మిగిలిందంతా కదిలిపోయేలా నవ్వింది, దగ్గు వచ్చింది, జయంతి పరిగెత్తుకొచ్చి వీపు పట్టుకుంది. "లోకమంతా… ఈ ముసలోని పొట్టేలుకు ఏడ్చిందా మే?" అంది దగ్గు మధ్యలో.

"లోకమంతా."

"కమ్మలు మాత్రం రాలే."

"పోయిన తూరి అమ్మేద్దామనుకుంటి. రేటు పలకలే" అన్నాడు వీరప్ప. అతను నిజంగానే చెబుతున్నాడు.

దగ్గు తగ్గాక తిరుపాలమ్మ ఫోను వైపు చూపించింది. "ఇంగోటి?"

"అది పెట్టలే వాళ్ళు. పారేసినారంట."

"అంటే ఎవురికీ తెల్దా?"

"తెల్దు."

తిరుపాలమ్మ తల ఇటు తిప్పింది. "నేను లేస్తి మే చౌడీ."

"సరే."

"సరే అంటే? నమ్మినావా?"

"సరే అంటే సరే."

"మెడకు తెలుసంటివే అబ్బుడు."

"మెడకు తెల్సిందే తెలుసు. ఇంగ దాన్ని అడిగి ఏం చేస్తావు? పండుకో."

తిరుపాలమ్మ చెయ్యి మంచం అంచు దాకా వచ్చింది. చౌడమ్మ దాన్ని పట్టుకోలేదు, తీసి పక్కన పెట్టనూ లేదు. ఎండ పంచలోకి వచ్చేదాకా కూర్చుని లేచింది.

బుధవారం కృపాకుమారి ప్రాజెక్టుకు మంచి మార్కులు పడ్డాయి. ఒకే పేరున్నవాళ్ళను విడదీసి చూపించడం ఇంకెవరూ చేయలేదని మేడం మెచ్చుకుంది. పరీక్ష కోసం చౌడమ్మ అన్న పేరు ఎందుకు వాడావని అడిగితే, ఊరికే అని చెప్పింది.

శుక్రవారం తిరుపాలమ్మ పోయింది.

చౌడమ్మ వెళ్ళేసరికి శవాన్ని వాకిట్లో గాజుపెట్టెలో పెట్టారు. మైకులో భక్తిపాటలు మోగుతున్నాయి. ఇప్పుడు ఊళ్ళోనూ ఏడుపు తగ్గింది. మైకు ఉంది కాబట్టి ఎవరూ గొంతెత్తక్కరలేదు. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరూ జయంతి మెడ పట్టుకుని, వదిలి, కుర్చీల్లోకి పోతున్నారు. చౌడమ్మ వాడవాళ్ళు నిలబడే చోట, వేపచెట్టు అవతల, కాసేపు నిలబడింది. తర్వాత నడిచింది.

"యాడికి పోతాంది ఇది?" అని కుర్చీల్లోంచి ఒకామె అంది.

చౌడమ్మ జయంతి మెడ చుట్టూ చేతులు వేసింది. జయంతి ఒంట్లో ఒక బిగువు తగిలింది. ఎవరు చూస్తున్నారోనన్న బిగువు. ఆ బిగువు ఆమెకు తెలిసిందే. ఒకవేళ పన్నెండేళ్ళ కిందట ఇసుకలో తిరుపాలమ్మను కూర్చోబెట్టింది ఇదే అయ్యుంటే, ఇంత ఉండి ఉంటుంది. కొంచెమే. తర్వాత అది సడలింది, జయంతి తల ఆమె భుజం మీద పడింది.

మైకు ఆపమని వీరప్ప చెయ్యి ఊపాడు.

"చౌడమ్మా, రెండు మాటలు చెప్పు" అన్నాడు. "ఆ పొట్టేలు మాట చెప్పినా చాలు."

మైకు ఆగింది. సినిమా సంగతి ఆ వారంలో ఊరంతా పాకింది, గోడ దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళలో ఎవడో ఆమెను గుర్తుపట్టాడు. "రేయ్, స్టిక్కర్ ఆంటీ" అన్నాడు. ఒకటి, రెండు, ఐదారు ఫోన్లు పైకి లేచాయి. బొమ్మ చెడకూడదని ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ కదల్లేదు.

చౌడమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఏడుపు కూడా రాలేదు. లోపల వెతికింది, పొడిగా ఉంది. కుర్చీల్లోని ఆడవాళ్ళు చూస్తున్నారు, ఫోన్లు చూస్తున్నాయి. భుజం మీద జయంతి కన్నీళ్ళు వెచ్చగా రవికెలోకి దిగుతున్నాయి.

"మాటల్లేవు వీరప్పా" అంది.

కాసేపు చూసి, ఏమీ జరగకపోయేసరికి ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మైకు మళ్ళీ మొదలైంది. చౌడమ్మ చేతులు తీయలేదు. శవాన్ని లేపేదాకా ఆ మెడను అట్లాగే పట్టుకుని నిలబడింది.